మన మనిషే కదా

సంఘం ఆఫీసు, మేడ మీద గది
జూన్ 6

వదినకు,

ఫోన్ చేస్తే నువ్వు ఆఁ, ఊఁ అంటావు, వెనక బెల్లు మోగుతుంది, పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయాలి. ఎందుకో చెబుతాను, విసుక్కోకుండా చదువు.

మా సంఘం సంగతి నీకు తెలుసు. మంచాన పడ్డ పెద్దవాళ్లున్న కుటుంబాలే మా సభ్యులు. సెప్టెంబరులో సర్కారు కమిటీ మా మాట వింటుందట. మేము అడిగేది ఒక్కటే. కేర్ హోముల్లో ఎనిమిది మంచాలకు ఒక మనిషైనా డ్యూటీలో ఉండాలని రూలు పెట్టమని. ఇప్పుడైతే ఎంతమందికి ఎంతమంది అనే లెక్కే లేదు.

సభ్యుల ఫిర్యాదులతో మా బీరువా తలుపు మూతపడటం లేదు. కానీ సేవ చేసేవాళ్ల మాట ఒక్కటీ లేదు. హోముల వాళ్లు మమ్మల్ని చూస్తే తప్పులు పట్టడానికి వచ్చారని గేటు వేస్తారు. మా అధ్యక్షుడు గారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, ఇప్పటికీ చేతిలో బెత్తం ఉన్నట్టే మాట్లాడతారు. "వాళ్లు మన పక్కన కూర్చోకపోతే మనది వట్టి ఏడుపే అవుతుందమ్మా, వాళ్లను తీసుకురా" అని ఆ పని నా నెత్తిన పెట్టారు. కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పటికి పదకొండు హోములు తిరిగితే రెండు చోట్ల టీ ఇచ్చారు.

నీ నుంచి కావలసింది ఇది. మీ హోములో నీ డ్యూటీ రోజు ఒకటి, పొద్దున్నించి సాయంత్రం దాకా, ఉన్నదున్నట్టు రాసి పంపు. పేరు వేయం.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అమ్మ పోయినప్పుడు మీ హోం వాళ్లు బట్టల సంచీతో పాటు ఆ రోజు షీటు నకలు ఇచ్చారు కదా. ఎన్నింటికి పక్కకు తిప్పారు, ఎన్నింటికి నీళ్లు తాగించారు, అన్నీ టిక్కులు. నేను దాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో. అమ్మ ఐదింటికి పోయింది, నాలుగింటికి నీళ్లు తాగింది. ఆ ఒక్క గడి చూసుకుంటే ప్రాణం కుదుటపడుతుంది. అడుగున డ్యూటీ నంబరు 31 అని ఉంది. ఆ 31 ఎవరో మహాతల్లి, నీకు తెలిస్తే నా తరఫున చేతులు పట్టుకో. ఆ షీటును కమిటీ ఫైలులో పెడదామని ఉంది. ఇలా చూసుకునేవాళ్లు కూడా ఉన్నారు, మేము అందరినీ తిట్టేవాళ్లం కాదు అని హోముల వాళ్లకు తెలియాలి.

అన్నయ్యకు చెప్పు, నా ఫ్యాను ఇంకా కిర్రుమంటూనే ఉంది. ఊరందరి మోటార్లూ బాగుచేస్తాడు, చెల్లెలి ఫ్యాను కనబడదు.

నీ పిచ్చుక


కేర్ హోం, కింది అంతస్తు, బట్టల గది
జూన్ 15

పిచ్చుకమ్మకు,

నీ ఉత్తరం మూడు విడతలుగా చదివాను. ఉతికిన దుప్పట్లు మడతపెట్టే గదిలో కూర్చుంటే పది నిమిషాలు ఎవరూ వెతకరు. ఈ మధ్య ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటున్నారు కాబట్టి నువ్వు కాగితం పట్టుకోవడం మంచిదే అయింది.

నా రోజు గురించి రాయడానికేముంది? నా చేతిరాత చూసి కమిటీ వాళ్లు మందుల చీటీ అనుకుంటారు. పొద్దున ఏడింటికి వస్తాను. ఒంటికి తుడవడాలు, దుప్పట్లు మార్చడాలు. రెండో మంచం పెద్దాయన ఒకప్పుడు బస్సు కండక్టరు, నేను గదిలోకి అడుగుపెట్టగానే "ముందుకు జరగండి" అంటాడు. ఆరో మంచం ముసలమ్మకు రోజూ నేను కొత్త మనిషినే. రోజూ నా పెళ్లి ఎప్పుడని అడుగుతుంది. రోజుకో తేదీ చెబుతాను. నిన్న మాత్రం "నిన్న కూడా ఇలాగే చెప్పావు కదే" అంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇవన్నీ రూలు పెట్టేవాళ్లకు ఎందుకు?

రాయడం నావల్ల కాదులే. వేరే ఎవరినైనా చూసుకో. మీ సంఘం మాటకారులున్న చోటు, నేను నడుం నొప్పికి మందు రాసుకుని పడుకునే దాన్ని.

ఆ షీటు ఫైలులో పెట్టకు. అత్తయ్య ఎప్పుడు నీళ్లు తాగారో, ఎప్పుడు బట్టలు మార్చారో పదిమంది పెద్దమనుషులు చేతులు మార్చుకుని చూడటం ఏం బాగుంటుంది? ఆవిడ ఎంత గుట్టైన మనిషి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మగపిల్లలకు పాఠం చెప్పే రోజుల్లో కూడా చీర కుచ్చిళ్లు ఒక్కటి జారేది కాదని నువ్వే చెప్పావు.

ఫ్యాను సంగతి మీ అన్నయ్యకు చెప్పాను. రోజుకోసారి చెబుతాను.

వదిన


సంఘం ఆఫీసు
జూలై 2

వదినా,

నీ ఉత్తరం మా అధ్యక్షుడు గారికి చదివి వినిపించాను. కండక్టరు దగ్గర ఆయన నవ్వారు, ముసలమ్మ దగ్గర కళ్లజోడు తుడుచుకున్నారు. రాయడం రాదంటూనే రాశావు చూశావా?

ఇంతకీ పెద్ద కబురు. నిన్న మీ హోం నడిపే మేడంగారి దగ్గరికి వెళ్లాను. మొదట కుర్చీ కూడా చూపించలేదు. నేను అమ్మ షీటు తీసి ఆమె ముందు పెట్టాను. "మీ హోం మీద ఫిర్యాదుతో రాలేదు, కృతజ్ఞతతో వచ్చాను" అన్నాను. ఆవిడ షీటు అంతా చదివారు. ముఖం విప్పారింది. మీ వినతి పత్రం మీద నేను సంతకం పెడతాను, మా హోం తరఫున కమిటీ ముందుకు కూడా వస్తాను అన్నారు. అంతేకాదు, ఇంకో నలుగురు చిన్న హోముల వాళ్లకు నా ఎదురుగానే ఫోన్ చేసి చెప్పారు. రెండేళ్లుగా ఒక్క హోమూ మా గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు అమ్మ కాగితం ఒక్కటి ఐదుగురిని తెచ్చింది. బస్సులో ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ నాకు సీటు ఇంకాస్త వదిలింది.

గుట్టు అన్నావు. నిజమే. కానీ అమ్మ పోయాక కూడా పదిమందికి పనికొస్తుంటే నేను దాచిపెట్టనా? పేరు కొట్టేసి పెడతాంలే.

నీ రోజు గురించి మాత్రం రాసి తీరాలి. మిగతా హోముల పనివాళ్లను అడిగితే నీళ్లు నములుతున్నారు. కనీసం నా వదినైనా నోరు విప్పకపోతే నేనేం మొహం పెట్టుకుని బయటివాళ్లను అడగను?

పిచ్చుక


కేర్ హోం, బట్టల గది
జూలై 11

పిచ్చుకా,

మేడం కంటే ముందు నాతో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. ఆ షీటు నకళ్లు తీయించి ప్రతి అంతస్తులో గోడకు అంటించారు. పైన "మన ప్రమాణం" అని రాయించారు. రోజుకు ఇరవై సార్లు దాని ముందునుంచి వెళుతున్నాను.

నిన్ను ఇంతవరకు ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. ఆ కాగితం వెనక్కి తీసుకో. ఎందుకని అడక్కు.

వదిన


సంఘం ఆఫీసు
జూలై 20

వదినా,

ఎందుకని అడగొద్దంటే ఎలా? ఫైలు ఆగస్టు పదికల్లా కమిటీకి చేరాలి. నీ మాట విని షీటు తీసేస్తే మేడం వెళ్లిపోతారు, ఆమెతో వచ్చిన నలుగురూ వెళ్లిపోతారు.

నాకు కోపంగా ఉంది, దాచుకోను. అమ్మను మీ హోములో పెడదామన్నది నువ్వు. "నా కళ్లముందు ఉంటారు" అన్నావు. తీరా చేర్చాక, సొంతవాళ్లకు డ్యూటీ చేయకూడదని వాళ్ల రూలట, అమ్మ పై అంతస్తులో, నువ్వు కింద. సరే, దానికి నిన్ను ఏమీ అనలేదు. ఎవరో ముక్కూ ముఖం తెలియని 31 అమ్మను అంత బాగా చూసుకుంటే ఆ మాట నలుగురికీ చెబుతానంటే నీకెందుకు కష్టంగా ఉందో నాకు బోధపడటం లేదు. ఆ పేరు నీకు రాలేదనా?

మేడం పంపిన కాగితం కూడా ఫైలులో పెడుతున్నాము. అందులో ఒక వాక్యం నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది: "ఆ రోజు మా సిబ్బంది ఒక్కరే పద్దెనిమిది మందిని ఈ విధంగా చూసుకున్నారు." అధ్యక్షుడు గారిని అడిగితే పరవాలేదన్నారు. నువ్వేమంటావు?

పిచ్చుక


ఇల్లు, వంటగది బల్ల
జూలై 27

పిచ్చుకా,

ఇవాళ నాకు సెలవు. మీ అన్నయ్య పనికి వెళ్లాడు. పొద్దున్నించి కూర్చుంటే ఇప్పటికి కలం కదిలింది.

నువ్వేమంటావని అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆ వాక్యం కమిటీ చదివితే మీ రూలు అక్కడితో సరి. ఒక్క మనిషి పద్దెనిమిది మందికి రెండేసి గంటలకోసారి అన్నీ చేయగలిగితే ఎనిమిదికి ఒకరు ఎందుకు అంటారు. మేడం సంతకం పెట్టింది అందుకే. నువ్వు చదువుకున్న దానివి, పప్పులో కాలేశావు.

ఒక్క మనిషి అలా చేయలేదు. ఎవరూ చేయలేరు. ఆ 31 నేనే.

ఆ రోజు పై అంతస్తు వాళ్లిద్దరూ రాలేదు. ఒకరికి జ్వరం, ఒకరు చెప్పకుండా మానేశారు. సూపర్‌వైజరు నన్ను పైకి వెళ్లమంది. మా అత్తగారు ఉన్నారమ్మా అన్నాను. ఈ ఒక్కరోజుకి రూలు పక్కన పెట్టు అంది. నిజం చెబితే నాకు సంతోషమే వేసింది, రోజంతా ఆవిడ దగ్గర ఉండొచ్చని.

షీట్ల సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఎక్కడా ఎవరూ చెప్పరు. సాయంత్రం ఐదింటికి సూపర్‌వైజరు అన్నీ పోగుచేస్తుంది. ఖాళీ గడి కనబడితే సంజాయిషీ రాయాలి. ఒక్కళ్లమే ఉన్న రోజు పనిచేస్తూ టిక్కులు పెట్టడం కుదరదు. అందుకని పొద్దున్నే, చేతులు తడి కాకముందే కూర్చుని సాయంత్రం దాకా అన్ని గడులూ నింపేస్తాము. నేను ఉద్యోగంలో చేరిన వారానికే పాతావిడ ఒకామె నాకు నేర్పింది. ఒకే కలంతో ఒకేలా పెట్టకు, అక్కడక్కడా వంకరగా పెట్టు అని కూడా చెప్పింది. ఆ రోజు కూడా పద్దెనిమిది షీట్లు అలాగే నింపాను. అత్తయ్య షీటు కూడా అందులోనే. చేయి ఆగలేదు. తర్వాత అవన్నీ చేస్తాననే అనుకున్నాను.

తొమ్మిదింటికి అత్తయ్యను నిజంగానే తిప్పాను. పన్నెండున్నరకు నాలుగు చెంచాలు తినిపించాను. ఆ తర్వాత ఐదింటి దాకా ఆ గదిలోకి వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదో కూడా రాస్తాను. ఇది రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు. ఐదో మంచం కొడుకు వచ్చి నిలబడి ఉన్నాడు, ఆయనకు ముందు చేశాను. తొమ్మిదో మంచం కూతురు చీటికీ మాటికీ మేడంకు ఫోన్ చేస్తుంది, ఆమెకు చేశాను. ఎవరో ఒకరు అడిగేవాళ్లున్న మంచాలన్నీ చూసుకుంటూ వచ్చాను. రెండు సార్లు అత్తయ్య గది ముందు నుంచే వెళ్లాను. ఆవిడ మన మనిషే కదా, ఏమీ అనుకోరు, సర్దుకుంటారు అనుకున్నాను. బయటివాళ్లయితే అడుగుతారు, నువ్వైతే అడగవు. అందుకని మన మనిషిని చివరికి ఉంచాను. సొంతవాళ్లం కాబట్టే అలా చేశాను పిచ్చుకా. పరాయి మనిషైతే రెండింటికే వెళ్లి ఉండేదాన్ని.

ఐదింటికి వెళ్లాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అప్పుడే పోయిన చెయ్యి కాదది, ఇన్నేళ్ల పనిలో నాకు తెలుసు. డాక్టరు నేను చూసిన టైమే, ఐదని రాశాడు. గుండె ఆగింది, ఎవరున్నా ఆగేదే అన్నాడు. కావచ్చు. నాలుగింటికి నీళ్లు తాగడానికి మాత్రం ఆవిడ లేరు. పక్కన నేనూ లేను.

నువ్వు ఆరింటికి వచ్చి నా భుజం మీద పడి ఏడ్చావు. అప్పుడు చెప్పలేదు. తర్వాత ఆ కాగితం చూసి ఊరట పడుతున్నానన్నావు. ఉన్న ఊరట కూడా ఎందుకు లాక్కోవాలి అనుకున్నాను. అలా అనుకుని నన్ను నేనే కాపాడుకున్నాననుకో.

నువ్వు అడిగిన రోజు ఇదే. ఫైలులో పెట్టుకో.

వదిన


సంఘం ఆఫీసు
ఆగస్టు 5

గౌరవనీయులైన శ్రీమతి గారికి,

మీరు జూలై 27న రాసిన లేఖ అందింది. మీ అనుభవాన్ని సంఘంతో పంచుకున్నందుకు ధన్యవాదాలు. లేఖను కమిటీకి సమర్పించేందుకు మీ అనుమతి అవసరం. పేరు వెల్లడించాలో వద్దో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
సంఘం కార్యదర్శి


ఇల్లు
ఆగస్టు 8

కార్యదర్శి గారికి,

అనుమతి ఇస్తున్నాను. పేరు వేసుకోండి. నంబరు కూడా వేసుకోండి.

పిచ్చుకా, ఆ ఉత్తరం మీద నీ చేత్తో స్టాంపు అంటించి ఉంటావు, వంకరగా ఉంది. దాన్నే చాలాసేపు చూశాను.

మీ అన్నయ్యకు చెప్పేశాను. గుమ్మంలో కూర్చుని ఎవరిదో మిక్సీ మోటారు విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పాడు. మూడు రోజులైంది, నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నాడు.

మేడంకు కూడా నేనే వెళ్లి చెప్పాను. నీ ఫైలు ద్వారా తెలిస్తే అది వెనకనుంచి పొడిచినట్టు ఉంటుందని. గోడమీది కాగితం నా ముందే చింపించారు. రేపటినుంచి రావద్దన్నారు. ఎవరూ అలా చేయరు, నువ్వొక్కదానివే చేశావని రాసివ్వమన్నారు. ఆ ఒక్కటీ రాయలేదు. వెళ్లేముందు ఆరో మంచం ముసలమ్మ దగ్గరికి వెళ్లాను. పెళ్లెప్పుడే అంది. రేపే అన్నాను.

నువ్వు తిట్టినా బాగుండేది.

వదిన


సంఘం ఆఫీసు
సెప్టెంబరు 19

వదినా,

నలభై రోజులు నీకు ఉత్తరం రాయలేకపోయాను. రోజూ మొదలుపెట్టాను. మొదటి పదిహేను రోజులు రాసినవి నువ్వు చదవదగినవి కావు, చింపేశాను.

మొన్న కమిటీ ముందు నీ ఉత్తరం చదివాము. చదివాము అంటే, అధ్యక్షుడు గారు మొదలుపెట్టి "మన మనిషే కదా" దగ్గర ఆగిపోయారు. మిగతాది నేను చదివాను. మీ మేడం సంతకం వెనక్కి తీసుకుని అవతలి వరసలో కూర్చున్నారు. ఇదంతా ఒక బద్ధకస్తురాలి కథ అన్నారు. ఆమెతో వచ్చిన నలుగురిలో ముగ్గురు తల వంచుకున్నారు. నాలుగో ఆయన, ఊరి చివర పన్నెండు మంచాల హోం నడుపుతాడు, ఎప్పుడూ నలిగిన చొక్కాతో ఉంటాడు. ఆయన లేచి "మా హోములో కూడా షీట్లు పొద్దున్నే నిండుతాయి. నాకు తెలుసు. తెలియనట్టు ఉంటాను. మనుషుల్ని ఇవ్వలేక కాగితం అడుగుతున్నాను" అన్నాడు. ఆ తర్వాత తల వంచుకున్నవాళ్లలో ఒకావిడ కూడా లేచింది. కమిటీ ఏమీ తేల్చలేదు. పరిశీలిస్తామంది. ఎనిమిది మంచాలకు ఒకరిని అడిగితే పన్నెండుకు ఒకరిని ఇస్తారేమో అంటున్నారు మావాళ్లు. నిన్న నలుగురు ఆయాలు వేర్వేరు హోముల నుంచి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. మేము కూడా రాసిస్తాం అన్నారు. రెండేళ్లు తిరిగినా రానివాళ్లు వదినా, నీ ఉత్తరం విని వచ్చారు.

నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. నీ భుజం గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. కానీ కోపంలో సగం నీ మీద కాదని కమిటీ ముందు నీ మాటలు నా నోటితో చదువుతున్నప్పుడు తెలిసింది.

ఆ రోజు నేను మూడింటికి వస్తానన్నాను. ముందురోజు నీకు ఫోన్ చేసి చెప్పాను, గుర్తుందా? ఆరింటికి వచ్చి బస్సు దొరకలేదన్నాను. బస్సులు బోలెడున్నాయి. రెండింటికి ఒక సభ్యురాలు ఏడుస్తూ ఆఫీసుకొచ్చింది, వాళ్ల నాన్నను హోం వాళ్లు సరిగ్గా చూడటం లేదని. ఆమెతో కూర్చుని ఫిర్యాదు రాయించాను. వాచీ చూసుకున్నాను కూడా. అమ్మే కదా, ఇవాళ కాకపోతే రేపు, ఏమంటుంది అనుకున్నాను. పైగా నువ్వు అక్కడే ఉన్నావుగా అనుకున్నాను. అన్నయ్యకు కూడా ఈ సంగతి తెలియదు. నువ్వే మొదట.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను. నేను వస్తానన్న సంగతి అమ్మకు తెలుసా? నా మనసు కోసం చెప్పొద్దు. టిక్కు పెట్టొద్దు. జరిగింది రాయి.

పిచ్చుక


ఇల్లు
సెప్టెంబరు 24

పిచ్చుకా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకు ఇచ్చాను. తప్పు చేశానేమో తెలియదు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం నా కంచం పక్కన కూర్చుని తిన్నాడు.

నువ్వు అడిగినదానికి తెలియదని రాద్దామని రెండు రోజులు ప్రయత్నించాను. అలా రాస్తే నీకు కాస్త నిద్ర పడుతుంది. కానీ నువ్వు వద్దన్నావు, నాకు కూడా ఇంక చేతకాదు.

తెలుసు. తొమ్మిదింటికి నేనే చెప్పాను, మీ అమ్మాయి మూడింటికి వస్తుందట అని. జుట్టు చూపించారు, దువ్వమని. అందరి పనీ అయ్యాక దువ్వుతాను అన్నాను. దువ్వలేదు. తలుపు వైపు తిప్పి పడుకోబెట్టమన్నారు, ఆ పని మాత్రం చేశాను. పన్నెండున్నరకు తినిపించి, ఇంక ఇటువైపు తిప్పుతానత్తయ్యా, ఒళ్లు ఒరుసుకుపోతుంది అన్నాను. వద్దని బాగున్న చేత్తో మంచం కమ్మీ గట్టిగా పట్టుకున్నారు. పక్షవాతం వచ్చాక మాట సరిగ్గా వచ్చేది కాదు కదా, కమ్మీ వదిలి మూడు వేళ్లు చూపించారు. నాకు కూడా తీరిక లేదు, సరేనని వెళ్లిపోయాను.

ఐదింటికి వెళ్లేసరికి తలుపు వైపే ఉన్నారు. కళ్లు తెరిచి ఉన్నాయి. నువ్వు వచ్చేలోపు నేనే మూశాను.

వదిన